ఖో అనని కుర్చీలు

2025 జనవరి 19వ తేదీన ఢిల్లీ నగరమున జరిగిన తొలి ఖోఖో ప్రపంచకప్ తుదిపోరునందు నేపాలును 54-36తో ఓడించిన భారత పురుషుల జట్టులో, దర్శి ప్రక్కనున్న ముండ్లమూరు మండలపు ఈదర గ్రామస్థుడు పోతిరెడ్డి శివారెడ్డియు నుండుట ఈ ప్రాంతమున కెంతయు గర్వకారణము. అయితే, అభినందన ఫ్లెక్సీలపై ఆటగాని ముఖముకంటె తమ ముఖమునే పెద్దదిగా వేయించుకొను మన నాయకాగ్రేసరులు, ఆ ఆటయందలి ధర్మము నొకింతయైన గ్రహింపరైరి.

ఖోఖోలో తఱుము జట్టువా రెనమండుగురు ఒకరటు, ఒకరిటు మొగములు పెట్టి కూర్చుండియు నొకే లక్ష్యమునకు లేతురు. మన సంఘముల కార్యవర్గమువారో, కెమెరావైపునకు ఏకముఖముగా గూర్చుండియు ఎనిమిది దిక్కులకు మనసులను పరుగెత్తింతురు. అక్కడ తఱుమువాడు తోటివాని వీపు తట్టి, 'ఖో' యని, అతని చోట తాను గూర్చుండి, పరుగు నతని కప్పగించును. ఇక్కడ అధ్యక్షులవారు అలసినను, ముదిసినను ఆ ఏకాక్షరమును నోట రానీయరు. రాక తప్పనినాడు సొంత కుమారుని వీపునే తట్టుదురు.

ఆటల పీరియడును గణితమున కర్పించి, నాయకత్వమును గూర్చి పిల్లలకు గంటలకొలది ఉపన్యసించు పెద్దలారా! మైదానమును పిల్లలకు విడువుడు, వారే నేర్చుకొందురు. శిక్షణ మీకు కావలయును; వారమున కొకమాఱైన వచ్చి ఖోఖో గీతల నడుమ గూర్చుండుడు.