రేపు రమ్మన్నారు

చిలకలగూడలో మా పాత ఇంటి వీధి తలుపు మీద చాలా ఏళ్ళు ఒక వాక్యం ఉండేది. బొగ్గుముక్కతో మా అమ్మ రాసింది: ‘ఓ స్త్రీ రేపు రా.’ 1990లలో తెలుగునాట ఏ వాడలో చూసినా ఇదే రాత. అర్ధరాత్రి ఒక ఆడదయ్యం తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందనీ, తలుపు తీసినవాడు తెల్లారేసరికి ఉండడనీ పుకారు. తలుపు మీద ఈ మాట కనిపిస్తే మాత్రం చదువుకుని వెళ్ళిపోతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది, మళ్ళీ చదువుతుంది, మళ్ళీ వెళ్ళిపోతుంది. కర్ణాటకలోనూ ఇదే దయ్యం, ఇదే మంత్రం. అక్కడ ‘నాళె బా’ అని రాసేవారు. తర్వాత హిందీవాళ్ళు ఈ ముడిసరుకుతో 2018లో ‘స్త్రీ’ అని సినిమా తీసి బాగానే సొమ్ము చేసుకున్నారు. దయ్యానికి రాయల్టీ ముట్టినట్టు లేదు.

ఆ రోజుల్లో భయపడ్డ మాట నిజమే. ఇప్పుడు తల్చుకుంటే భయం పోయి గౌరవం మిగిలింది. ఆవిడ అక్షరాస్యురాలు. కనీసం రెండు భాషలు చదవగలదు. అన్నిటికన్నా ముఖ్యం, గోడ మీద రాసినదాన్ని పాటిస్తుంది. మా వీధి మలుపులో ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అని ఎర్రరంగుతో రాసిన గోడ ఒకటుంది. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, అది చదివి వెనక్కి తిరిగిన మగాడు కనపడలేదు. పని కానిస్తూ తీరిగ్గా చదువుకున్నవాళ్ళున్నారు. విసిగిపోయి చివరికి అన్ని మతాల దేవుళ్ళ బొమ్మలున్న టైల్స్ అతికించారు. మనిషిని ఆపడానికి దేవుళ్ళు వరసగా నిలబడాల్సి వచ్చింది. దయ్యాన్ని ఆపడానికి మా అమ్మ బొగ్గుముక్క సరిపోయింది.

అందులోనూ అది తెలుగు కావడం మా అదృష్టం. సికింద్రాబాదులో ఏ వీధికి వెళ్ళినా నాలుగు భాషలు వినిపిస్తాయి. ఎవరైనా హిందీలో ‘కల్ ఆనా’ అని రాసి ఉంటే కొంప మునిగేది. ‘కల్’ అంటే రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది. నిన్నే రమ్మన్నారుగా అని లోపలికి వచ్చేస్తే ఏం జవాబు చెబుతాం?

ఇదంతా ఇప్పుడెందుకంటే, తొమ్మిదో తరగతి చదివే మా మనవడు ఇంగ్లీషు ఫాంటసీ పుస్తకాలు చదివి చదివి, “తాతా, డ్రాగన్లూ అవీ నిజంగా మన సికింద్రాబాదులో మనతోపాటే ఉంటే ఎట్లుంటది?” అని అడిగాడు. డ్రాగన్ అంటే నిప్పు కక్కే జంతువని వాడే వివరించాడు. రేతిఫైల్ బస్టాండులో పొగ కక్కే బస్సుల మధ్య నిలబడితే దాన్నెవరూ గుర్తుపట్టరని చెప్పాను. మనవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు ఉంటే ఎలా ఉంటుందని ఊహించే పని లేదు, ఉన్నారు కాబట్టి.

మారేడ్‌పల్లి నుంచి బోయిన్‌పల్లి దాకా, కడుతున్న అపార్టుమెంటు ఏదైనా తలెత్తి చూడండి. కోరలు, మీసాలు, ఉబికిన గుడ్లతో ఒక రాక్షసుడు వేలాడుతూ ఉంటాడు. ఎండకీ వానకీ కదలడు. జీతం అడగడు, పండక్కి ఊరెళతాననడు. గృహప్రవేశం నాటికి పీకి పారేస్తారు. ఐదంతస్తులు కాపలా కాసినవాడికి సెల్లారులో గజం చోటైనా ఇవ్వరు. ఈ విషయంలో అతనికీ ఆ ఇల్లు కట్టిన కూలీలకూ తేడా ఏమీ లేదు.

బేతాళుడి బతుకు మరీ అన్యాయం. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ ఆయన్ని ఇంటింటికీ పరిచయం చేసింది. శంకర్ గీసిన ఆ బొమ్మలో విక్రమార్కుడి భుజం మీద శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. ఎన్ని కథలు విన్నా ఆ చెట్టు మారలేదు, ఆ భుజం మారలేదు. ఇప్పుడు పత్రిక లేదు. విక్రమార్కుడు బైక్ టాక్సీ నడుపుతున్నాడనుకుందాం. బేతాళుడు ప్యారడైజ్ దగ్గర ఎక్కి తార్నాక వెళ్ళాలి. కథ చెబుతూ పోవడానికి సంగీత్ సిగ్నల్‌ను మించిన చోటు లేదు, ఒక నవల పట్టేంత సమయం దొరుకుతుంది. చిక్కల్లా బండి కదిలే ముందే. ‘ఓటీపీ చెప్పండి సార్’ అనకుండా ప్రయాణం మొదలు కాదు. అనాలంటే విక్రమార్కుడు నోరు విప్పాలి. నోరు విప్పాడా, మౌనభంగం. బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. రైడ్ రద్దు, రేటింగు హరీ.

అసలు ఎక్కడానికి చెట్టేదీ? చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని 2002లో వాల్టా చట్టం వచ్చింది. చెట్టు మీద తరాలుగా కాపురముంటున్నవాళ్ళ పునరావాసం గురించి అందులో ఒక్క ముక్క లేదు. చదివిన చదువును దుర్వినియోగం చేసినవాడు బ్రహ్మరాక్షసుడై రావిచెట్టు పట్టుకుంటాడని పెద్దలు చెప్పేవారు. చదువును దుర్వినియోగం చేసేవాళ్ళు ఇంతమంది ఉండి, రావిచెట్లు ఇంత తక్కువుంటే, మిగతావాళ్ళు ఎక్కడ సర్దుకుంటున్నారో కాస్త ఆలోచిస్తే తెలుస్తుంది. కొందరు టీవీ చర్చల్లో కనపడుతుంటారు. కంటోన్మెంటు వైపు చెట్లయితే ఉన్నాయి. కానీ భద్రత పేరిట అక్కడ కొన్ని రోడ్లను రాత్రిపూట మూసేసిన రోజులు మనకు గుర్తే. దయ్యాలు తిరిగే వేళ అదే కదా, పాపం. గేటు దగ్గర ఏ గుర్తింపు కార్డు చూపిస్తాయి?

అన్నట్టు, ఈ ఊళ్ళో నిజంగా రక్తం తాగే జీవి ఒకటి రుజువులతో సహా దొరికింది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ పొట్ట కోసి అందులో మలేరియా పురుగును చూసింది సికింద్రాబాదులోనే. బేగంపేటలో ఆయన పేరిట భవనం ఇప్పటికీ ఉంది. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించి, కుట్టిన దోమకు అణా చొప్పున ఇచ్చాడు. మా ఊళ్ళో రక్తం తాగించినందుకు ఎదురు డబ్బిచ్చిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. దోమకు మా ఊళ్ళో శాశ్వత నివాసం వచ్చింది.

‘మలేరియా’ అనేది ఇటాలియన్ మాట, ‘చెడుగాలి’ అని అర్థం. మా నాయనమ్మకు ఇటాలియన్ రాదు. అయినా ఇంట్లో ఎవరికి చలిజ్వరం వచ్చినా “గాలి సోకింది” అనేది. రోమ్‌లోనూ చిలకలగూడలోనూ నేరం గాలి మీదే వేశారు. దోమ దర్జాగా తప్పించుకుంది. ఇలా నేరం ఒకరిదైతే శిక్ష మరొకరికి పడటం అన్నిసార్లూ నవ్వుకునే వ్యవహారం కాదు. దయ్యం మనిషిని చంపిందని ఏ కోర్టులోనూ తేలలేదు. బాణామతి చేస్తున్నారనే అనుమానంతో ముసలివాళ్ళనూ ఒంటరివాళ్ళనూ మనుషులే కొట్టి చంపిన కేసులు మాత్రం తెలంగాణ పల్లెల్లో ఎన్నో.

ఉజ్జయిని మహంకాళి అమ్మవారిని ఈ దయ్యాల, రాక్షసుల జాబితాలో కలపను. కలిపితే మా ఇంట్లో నాకు అన్నం పెట్టరు. ఆవిడ ఈ ఊరికి వచ్చింది కూడా ఒక జబ్బు మూలానే. 1813లో కలరా ప్రబలినప్పుడు, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మొక్కుకుని, 1815లో ఇక్కడ ప్రతిష్ఠించాడు. ఆషాఢంలో లష్కర్ బోనాల నాడు అమ్మ తమ్ముడు పోతరాజు ఒళ్ళంతా పసుపుతో, నడుముకు వేపమండలతో, కొరడా ఝళిపిస్తూ వీధుల్లో తిరుగుతాడు. మా వైపు పోతరాజు మిగతా పదకొండు నెలలూ జిమ్‌లో కుర్రాళ్ళ చేత బరువులు ఎత్తిస్తుంటాడు. ఒకసారి బోనాలనాటి పొద్దున బైకు వెనక కూర్చుని వస్తూ సిగ్నల్ దగ్గర నన్ను చూసి “నమస్తే అంకుల్” అన్నాడు. పక్క కారులో పిల్ల కెవ్వుమంది.

బోనాల మర్నాడు రంగం. పచ్చికుండ మీద నిలబడి మాతంగి భవిష్యవాణి చెబుతుంది. ఎదురుగా మంత్రులూ అధికారులూ చేతులు కట్టుకుని నిలబడతారు. నన్ను సరిగ్గా చూసుకోవడం లేదని అమ్మ కోప్పడితే, తప్పయింది తల్లీ, సరిచేస్తామని అక్కడికక్కడే ఒప్పుకుంటారు. సోమవారంనాడు జరిగే కార్యక్రమం ఇంకొకటుంది. దాని పేరు ప్రజావాణి. అందులో చేతులు కట్టుకుని నిలబడేది ఎవరో చెప్పనక్కర్లేదు.

దయ్యాన్ని కాళ్ళను బట్టి గుర్తుపట్టాలని చిన్నప్పుడు చెప్పేవారు. పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయట. ఇప్పుడు ఎవరూ కాళ్ళు చూడరు, బొటనవేలు చూస్తారు. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న పుట్టింది, రైల్ నిలయం మా ఊళ్ళోనే ఉంది, కాబట్టి సికింద్రాబాదులో రాయి విసిరితే రైల్వే పెన్షనరుకు తగులుతుంది. ఏటా నవంబరులో వీళ్ళంతా తాము దయ్యాలం కాదని రుజువు చేసుకోవాలి. దాన్నే జీవన ప్రమాణ పత్రం అంటారు. 2014 నవంబరు నుంచి అది వేలిముద్రతో కూడా ఇవ్వొచ్చు. మా పక్కింటి గార్డుగారికి ఎనభై రెండేళ్ళు. గూడ్సు బండి చివర పెట్టెలో పచ్చజెండా, ఎర్రజెండా ఊపీ ఊపీ చేతిగీతలు అరిగిపోయాయి. మిషను మీద వేలు పెడితే సరిపోలలేదంది. తుడిచి పెట్టారు, కొబ్బరినూనె రాసి పెట్టారు. పదో వేలికి కూడా ఆయన బతికి లేడు.

“నేను మాట్లాడుతున్నాను కదా బాబూ” అన్నారాయన.

“మీరు మాట్లాడుతున్నరు సార్, సిస్టం ఒప్పుకుంటలేదు” అన్నాడు కౌంటరు కుర్రాడు.

చివరికి ఫోను ముందు కూర్చోబెట్టి మొహం చూపించి రెప్ప వేయమన్నారు. రెప్ప పడింది, ఆయన బతికాడు. దేవతలు రెప్ప వేయరు, అందుకే వాళ్ళు అనిమిషులు. స్వయంవరంలో ఐదుగురు నలుళ్ళు కనపడితే దమయంతి ఇలాంటి గుర్తులతోనే అసలు మొగుణ్ణి పట్టుకుంది. ఆ యాప్ రాసినవాడెవరో భారతం చదివే ఉంటాడు.

ఇక నా సొంత గోడు. మా నాన్న పోయి ఆరేళ్ళయింది. ఇంటిపన్ను నోటీసు ఇప్పటికీ ఆయన పేరు మీదే వస్తుంది, బకాయి కట్టకపోతే చర్యలు తప్పవని ఆయన్నే బెదిరిస్తూ. ఆయన ఇప్పుడున్న చోటికి వెళ్ళి చర్యలు తీసుకునే సత్తా వాళ్ళకుంటే సంతోషమే. పేరు మార్పించుకోవడానికి పన్నెండుసార్లు తిరిగాను. ఏ ఆఫీసో చెప్పను, పని ఇంకా కాలేదు. వెళ్ళినప్పుడల్లా ‘యమలీల’ గుర్తొస్తుంది. 1994లో వచ్చిన ఆ సినిమాలో భవిష్యవాణి గ్రంథం పోతే యముడూ చిత్రగుప్తుడూ స్వయంగా భూమ్మీదికి దిగి వెతుక్కుంటారు. దస్త్రం పోయిందని పై అధికారి కిందికి దిగొచ్చిన ఆఫీసు అదొక్కటే.

పన్నెండోసారి వెళ్ళినప్పుడు బల్ల మీద నా పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. పాత నేత చీర, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో ఏమీ లేదు. గోడ మీద అతికించిన నోటీసులన్నీ వరసగా చదువుతోంది, కింద ముద్రాపకుడి పేరుతో సహా. అలా చదివే మనిషిని చూడటం నాకదే మొదటిసారి. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

“ఏం పనమ్మా?” అన్నాను.

“ఇల్లు కావాలన్నా. నేనుండే చింతచెట్టు కొట్టేసిండ్రు.”

కాస్త ఆగి తనే అంది. “ఎనకట నయం. తలుపు దాకా పోయేదాన్ని, రాసింది సదివి వచ్చేదాన్ని. ఇప్పుడు గేటు కాడనే ఆపుతుండ్రు. ఏ ఫ్లాటు, ఎవరు కావాలె, ఫోన్ల అప్రూవల్ రావాలె అంటరు. రేపు రమ్మని కూడ ఎవరూ అంటలేరు.”

నాకు మా అమ్మ చేతిరాత గుర్తొచ్చింది. చెప్పాలా వద్దా అనుకుంటుండగానే గుమాస్తా పిలిచాడు. ఇద్దరం లేచాం. ఆవిణ్ణే ముందు వెళ్ళమన్నాను.

“ఆధార్?”

“లేదు సార్.”

“వేలు పెట్టు.” పెట్టింది. మిషను మీద ఏమీ పడలేదు. అతనికి ఆశ్చర్యమేమీ కలగలేదు, రోజుకు యాభైమందికి అలాగే అవుతుంది. “మరి ఏమని రాసుకోవాలె? బతికున్నవా?”

“లేను సార్.”

“అయితే డెత్ సర్టిఫికెట్ తీయి.”

“లేదు సార్.”

“ఇరవై ఒక్క రోజులల్ల రాయించుకోవాలె. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఆర్డరు లేంది కాదు. ఎప్పుడు పోయినవు?”

“యాదికి లేదు సార్.”

గుమాస్తా మొదటిసారి తలెత్తాడు. “చూడమ్మా, బతికున్నట్టు కాయితం తెస్తవా, సచ్చినట్టు కాయితం తెస్తవా, నీ ఇష్టం. ఏదో ఒకటైతే తేవాలె గదా.” తర్వాత నావైపు చూసి, “మీది మీ నాయన ఫైలే గదా సార్? సారు మీటింగుకు పోయిండు” అన్నాడు.

అతను ఆ తర్వాతి మాట అనబోయేలోపే ఆవిడ వెళ్ళడానికి తిరిగింది. ముప్పై ఏళ్ళ అలవాటు. నేనూ వెనకే బయల్దేరాను. వరండా దాటి మెట్ల మీంచి ఆవిడ వీధిలోకి నడిచిపోతోంది. పాదాలు మాత్రం ఆఫీసు వైపే ఉన్నాయి.