కారుకు కళాయి

మా అమ్మ లెక్కలో నేను కారుకు కళాయి పెట్టించాను. ఫోన్‌లో మా మేనత్తకు చెబుతుంటే విన్నాను: "మావోడు బండికి కళాయి పెట్టిచ్చిండు వదినా, ఇత్తడి బిందెకు పెట్టిచ్చినట్టు." పక్క గదిలోంచి "కళాయి కాదమ్మా, సిరామిక్ కోటింగ్" అని అరిచాను. అమ్మ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "రెండిట్ల ఫరక్ ఏంది బిడ్డా?" అని అడిగింది. దానికి జవాబు తెలుసుకోవడానికి నాకు ఎనిమిది నెలలు, పద్దెనిమిది వేల రూపాయలు పట్టాయి. ఆ రెండో అంకె మా ఆవిడకు ఈ వ్యాసం చదివితేగానీ తెలియదని మీరనుకుంటే, మా ఆవిడ సంగతి మీకు తెలియదన్నమాట.

తప్పు నల్లరంగుతో మొదలైంది. మా ఆవిడ తెల్లది తీసుకుందామంది. "తెల్లదైతే ట్యాక్సీలా ఉంటుంది" అని నేను నల్లది తెచ్చాను. షోరూమ్ దీపాల కింద అది అద్దంలా ఉంది. అందులో నేను కూడా కాస్త సన్నగా కనిపించాను. ఇంటికొచ్చాక దాని అసలు గుణం బయటపడింది. నల్లకారు కడుపులో ఏ మాటా దాచుకోదు. మేముండేది మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీ. వాకిట్లో కానుగ చెట్టు, చెట్టు మీద కాకులు, ఎదురింటి సజ్జా మీద పావురాలు, కాస్త దూరంలో రైలు పట్టాలు, డీజిల్ లోకోషెడ్డు. వీటన్నిటి హాజరూ రోజూ నా బానెట్ మీదే పడేది.

పొద్దున్నే మా ఆవిడ వాకిలి ఊడుస్తుంటే నేను కారు తుడిచేవాణ్ని. నీళ్లెందుకు దండగని పొడి గుడ్డతో, గుండ్రంగా, ప్రేమగా రుద్దేవాణ్ని. "ఆ చేత్తోనే గ్యాస్ స్టవ్ కూడా తుడవొచ్చు కదా" అని ఆవిడ అనేది. అది వ్యంగ్యమని నాకు తట్టలేదు. మూడు నెలలు గడిచాక ఒక సాయంత్రం ఏటవాలు ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడు. వేలకొద్దీ సన్నని గీతలు. కాలనీ పిల్లలు గీకారని తేల్చుకుని, రెండు వారాలు ఏ పిల్లాడు క్రికెట్ బంతి కోసం గేటు తీసినా పోలీసులా చూశాను.

నాచారం వైపు ఒక దుకాణానికి తీసుకెళ్లాను. ఒక కుర్రాడు చిన్న మీటరు తెచ్చి బానెట్‌కు ఆనించి "118" అన్నాడు. నా పరగడుపు షుగరు కూడా అంతే కావడంతో ఉలిక్కిపడ్డాను. "మైక్రాన్లు సార్, పెయింట్ మందం" అని నెమ్మదిగా చెప్పాడు. రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోటు. మెరుపంతా ఆ పైపొరదే, దాని మందం 40, 50 మైక్రాన్లు. మనిషి తలవెంట్రుక ఇంచుమించు 70 మైక్రాన్లు. అంటే ఐదేళ్ల లోను పెట్టి నేను కొన్న మెరుపు ఒక వెంట్రుక కన్నా పలచన. నా నెత్తి మీద మిగిలిన సరుకును తలచుకుంటే గుండె ఇంకాస్త జారింది.

"ఈ గీతలు మా కాలనీ పిల్లలు..." అని మొదలుపెట్టాను. "పిల్లలవి కాదు సార్, గుడ్డవి" అన్నాడు. మన దగ్గరి దుమ్ము గ్రానైట్ రాయి అరిగిన దుమ్ము. అందులోని క్వార్ట్జ్ నలుసులు క్లియర్ కోటు కంటే ఎంతో గట్టివి. వాటి మీద పొడి గుడ్డ పెట్టి రుద్దడమంటే ఉప్పుకాగితంతో ముద్దు చేయడమే. మూడు నెలలు నేను అదే చేశాను, పైగా ప్రేమగా.

తర్వాత కారుకు స్నానం చేయించి, ఏదో రంగులేని మందు కొట్టాడు. రెండు నిమిషాలకు తలుపుల మీద ఊదారంగు చుక్కలు మొలిచి, నెత్తురు కారినట్టు కిందికి కారాయి. నేను కుర్చీలోంచి లేచాను. "భయపడకండి, ఇనుప రజను" అన్నాడు. రైళ్లు బ్రేకు వేసినప్పుడు, చక్రం పట్టాను రాసుకున్నప్పుడు లేచే ఇనుప పొడి గాల్లో వచ్చి పెయింట్‌లో గుచ్చుకుంటుంది. తర్వాత తుప్పు పట్టి నారింజరంగు చుక్కలవుతుంది. ఆ మందు ఇనుమును పట్టుకుని కరిగించేటప్పుడు అలా ఊదాగా మారుతుంది. పట్టాల పక్కన కాపురముంటే రైళ్ల చప్పుడు ఒక్కటే భరించాలనుకున్నాను. వాటి రజను కూడా మోస్తున్నానని ఆ రోజు తెలిసింది.

కుర్రాడు హోటల్లో టిఫిన్ల పేర్లు చదివినట్టు పెయింట్‌ను కాపాడే నాలుగింటి పేర్లు చదివాడు. మొదటిది మైనం. బ్రెజిల్ దేశపు కార్నౌబా తాటి ఆకుల నుంచి తీసేది. మెరుపు మంచిదే, మన ఎండకు కొన్ని వారాల ఆయుష్షు. రెండోది టెఫ్లాన్. 1938లో రాయ్ ప్లంకెట్ అనే రసాయనవేత్తకు అనుకోకుండా దొరికిన పదార్థమది. దోసె పెనం మీద నిలవడానికి దాన్ని 300 డిగ్రీల పైన కాలుస్తారు. నా కారును అంత కాలిస్తే సీట్లు మిగలవు కాబట్టి, కారు మీద అది కూడా కొన్నాళ్ల చుట్టమే. మూడోది సిరామిక్. నాలుగోది పీపీఎఫ్ అనే పారదర్శకమైన పాలియురెథేన్ తొడుగు, 150 నుంచి 200 మైక్రాన్ల మందం. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ రెక్కలు ఇసుకకు, రాళ్లకు దెబ్బతినకుండా అమెరికా సైన్యం వాడిన తొడుగు నుంచి పుట్టింది. చిన్న గీతలు పడితే ఎండ వేడికి అదే పూడుకుంటుంది. ధర చెప్పాడు. మా పెళ్లి ఖర్చు అంతకన్నా తక్కువ. సిరామిక్ అన్నాను.

సిరామిక్ అంటే చిన్న సీసాలో పల్చటి ద్రవం. అందులో సిలికాన్ సమ్మేళనాలు కరిగి ఉంటాయి. స్పాంజితో పూస్తే ద్రావకం ఆవిరైపోతుంది. మిగిలింది గాల్లోని తేమతో కలిసి, ఒకదానితో ఒకటి అల్లుకుని, క్లియర్ కోటును కరుచుకుని గాజులాంటి పొరగా గట్టిపడుతుంది. మందం మైక్రాన్, రెండు మైక్రాన్లు. "9హెచ్ కాఠిన్యం సార్, బండరాయి!" అన్నాడు. ఆ బండరాయి అన్న మాటకే నేను పడిపోయాను. పద్దెనిమిది వేలు కట్టి, ఇంటికొచ్చి "ఎనిమిది వేలయింది" అన్నాను. పది వేలు మధ్యలో ఎక్కడో ఆవిరైపోయిన ద్రావకం అనుకోండి. వంటింటి చిమ్నీ కోసం దాచిన డబ్బది.

ఆ రాత్రి భోజనాల దగ్గర 9హెచ్ గురించి ఉపన్యాసమిచ్చాను. పదో తరగతి చదివే మావాడు పప్పులో ముద్ద ముంచుతూ, "నాన్నా, 9హెచ్ అంటే పెన్సిల్ నంబరు" అన్నాడు. నవ్వాను. వాడు నవ్వలేదు. పొరల కాఠిన్యాన్ని పెన్సిళ్లతోనే పరీక్షిస్తారట. మెత్తటి 6బి నుంచి గట్టి 9హెచ్ దాకా పెన్సిళ్లతో గీసి చూస్తారు. గీత పెట్టలేని పెన్సిళ్లలో అన్నిటికన్నా గట్టిదాని నంబరిస్తారు. "అంటే నీ కారు పెన్సిలుకు లొంగదు. ఇసుకకు లొంగుతుంది. హెచ్‌బీ కాలనీలో ఉంటూ హెచ్‌బీ పెన్సిల్ తెలీదా నాన్నా?" వాళ్లమ్మకు పొలమారింది. ఆ ఊపులో వాడు ఇంకోటి వదిలాడు: "మన మౌలాలి గుట్ట రాయిలో దాదాపు 70 శాతం సిలికాయే. నువ్వు పూయించింది కూడా ఆ సరుకే." కిటికీలోంచి గుట్ట కనిపిస్తోంది, పైన దర్గా దీపాలు. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. దానికెవరూ మూడేళ్ల వారంటీ కార్డు రాసివ్వలేదు.

రెండు రోజులు నీళ్లు తగలకూడదని దుకాణంలో చెప్పారు. పొర గట్టిపడాలి. రెండో రోజు పొద్దున నేను పళ్లు తోముకుంటుండగా అమ్మ బండికి పూజ చేసింది. "కొత్త కళాయి కదా బిడ్డా, దిష్టి తగులుతది." బానెట్ మీద తడి పసుపుతో స్వస్తిక్, నడుమ కుంకుమ. పరుగెత్తుకొచ్చిన నేను దొరికిన గుడ్డతో, అంటే కట్టుకున్న పంచె చెంగుతో, గబగబా తుడిచేశాను. పసుపు పోయింది. పసుపు కింద దుమ్ముంది. ఆ దుమ్ము నా పద్దెనిమిది వేల మీద ఐదు వేళ్లంత వెడల్పున చంద్రవంక గీసి వెళ్లింది. మా కాలనీ పిల్లల్లో ఎవరూ అప్పటికి నిద్ర లేవలేదు.

అయినా నీటిబొట్టు సరదా నన్ను వదల్లేదు. కోటింగ్ మీద నీళ్లు చల్లితే ముత్యాల్లా నిలబడతాయి. తామరాకు మీద నీటిబొట్టు మన కవులకు అనాదిగా తెలుసు. ఆ ఆకు ఎందుకంత శుభ్రంగా ఉంటుందో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు బార్థ్‌లాట్, నైన్‌హౌస్ 1997లో వివరించారు. ఆకు మీద కంటికి కనిపించని మైనపు బుడిపెలుంటాయి. నీటిబొట్టు వాటి కొసల మీదే తేలుతూ, దుమ్మును చుట్టుకుని దొర్లిపోతుంది. నా బానెట్‌కు ఆ బుడిపెల్లేవు, నున్నగా ఉంటుంది. ఏటవాలు చోట నీరు త్వరగానే జారుతుంది, చదునైన చోట మాత్రం బొట్టు గుండ్రంగా అలాగే కూర్చుంటుంది. చూసి మురవడానికి నేను రోజూ బోరు నీళ్లు చల్లి, ఎదురింటాయన్ను పిలిచి, "చూడండన్నా, ముత్యాలు" అనేవాణ్ని. ముత్యాలు ఎండకు ఎండి, బోరు నీటి సున్నం తెల్లటి వలయాలుగా మిగిలింది. కొన్ని నెలలు తిరిగేసరికి నల్లకారుకు ఆటలమ్మ పోసినట్టయింది.

"గీజరు రాడ్డుకు పట్టే సున్నమే కదా ఇది" అని మా ఆవిడ వంటింట్లోంచి వెనిగర్ తెచ్చి, నీళ్లు కలిపి, మెత్తటి గుడ్డ తడిపి వలయాల మీద కాసేపు పరిచి, మంచినీళ్లతో కడిగేసింది. చాలా మటుకు పోయాయి. తుడుస్తూ తుడుస్తూ మామూలు గొంతుతో, "పద్దెనిమిది వేల వస్తువును ఇలాగేనా చూసుకునేది?" అంది. చేతిలో బకెట్టుతో అలాగే నిలబడిపోయాను. బిల్లు ప్యాంటు జేబులోనే మర్చిపోయి ఉతకడానికి వేశానట, ఏడు నెలల కిందట. అన్నాళ్లూ ఆవిడ నోరు మెదపలేదు. చిమ్నీ మాటా ఎత్తలేదు. అసలు భయపెట్టింది అదీ.

పంచాయితీ అమ్మ ముందుకొచ్చింది. అమ్మ బిల్లు చదవలేదు, మెట్టు మీద కూర్చుని కళాయి గురించి చెప్పింది. మా చిన్నప్పుడు వీధిలోకి కళాయి అతను వచ్చేవాడు. ముందు బిందెను ఇసుకా చింతపండూ వేసి తళతళలాడేదాకా తోమేవాడు. బొగ్గుల మీద కాల్చి, తిత్తి ఊది, నవాసారం చల్లి, తగరం ముక్క తాకించి, దూదితో ఒక్క తిప్పు తిప్పేవాడు. గుప్పున తెల్లటి పొగ లేచేది, లోపలంతా వెండిరంగయ్యేది. ఇక పులుసు పోసినా చిలుమెక్కదు. కొన్ని నెలలకు అరిగిపోతే మళ్లీ పెట్టించాలి. "తోమకుంట పెడితే కళాయి పట్టదు బిడ్డా. పట్టినా అది పులుపుకు ఆగుతది, సొట్టకు ఆగుతదా?"

దుకాణంలో గంటసేపు విన్నదానికన్నా ఈ ఒక్క వాక్యం నాకు ఎక్కువ చెప్పింది. సిరామిక్ పొర ఆగేదీ అలాంటి వాటికే: పక్షి రెట్టలోని యూరిక్ ఆమ్లం, కానుగ జిగురు, మురికి. అదీ శాశ్వతంగా కాదు. ఎండకు కాలిన బానెట్ మీద రెట్ట పడితే వెంటనే దిగిపోకుండా మనకు కొంత గడువిస్తుంది. మురికి త్వరగా వదిలేలా చేస్తుంది. గీతనూ, సొట్టనూ, రాయి దెబ్బనూ ఆపదు. పూయడానికి ముందు తోమి, పాలిష్ చేయకపోతే కింద ఉన్న గీతను అలాగే లోపల పెట్టి సీలు వేస్తుంది. ఇక ఫరక్ అంటారా, కళాయి అతను పద్దెనిమిది వేలు అడగలేదు.

చిమ్నీ పోయిన నెల బిగించాం. కారు మీద చంద్రవంక అలాగే ఉంది. పాలిష్ పెట్టిస్తే పోతుందట, కానీ ఒక్కో పాలిష్ క్లియర్ కోటును కాస్త కాస్త తినేస్తుందని తెలిశాక ఊరుకున్నాను. ఇప్పుడు రెండు బకెట్లు పెట్టుకున్నాను, ఒకటి షాంపూ నీళ్లకు, ఒకటి గుడ్డ జాడించడానికి. నీడలో కడిగి, బొట్టు ఎండకముందే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దుతున్నాను. అది అయ్యాక గ్యాస్ స్టవ్ కూడా తుడుస్తున్నాను.

మీరు కోటింగ్ వేయిస్తారో మానేస్తారో మీ ఇష్టం. దుమ్ము పట్టిన కారు మీద మాత్రం నీళ్లు పోయకుండా గుడ్డ పెట్టకండి. ముఖ్యంగా పంచె.