నత్త, పొగబంతి, మా అత్తయ్య గట్టు

లా కాలేజీలో చేరిన రోజు సాయంత్రం మా అత్తయ్య అడిగిన మొదటి మాట: "అమ్మాయ్, ఇంజంక్షన్ ఎప్పుడు చెప్తారంట?"

"ఇప్పుడే చెప్పరత్తయ్యా. సివిల్ ప్రొసీజరు పై తరగతుల్లో వస్తుంది. ఈ సెమిస్టరు కాంట్రాక్టులు, టార్టులు, హిందూ లా, రాజ్యాంగం, పర్యావరణం."

ఆవిడ చిక్కుడుకాయకి ఈనె తీసి పక్కన పెట్టారు. "అయితే ఆర్నెల్లు ఊరికే కూచోబెడతారన్నమాట."

ఈ తీర్పు మీద అప్పీలుకి వెళ్ళే ధైర్యం నాకు లేదు. మా ఇంట్లో న్యాయశాస్త్రానికి సీనియర్ ఆవిడే. చదువు ఐదో తరగతి, ప్రాక్టీసు 1996 నుంచి. తెనాలి దగ్గర మా ఊళ్ళో మా మాగాణికీ పక్క చేనుకీ మధ్య ఒక గట్టు ఉంది. అది నడుచుకుంటూ మావైపు ఆరు సెంట్లు లోపలికి వచ్చిందని మామయ్యగారు దావా వేశారు. 2007లో గెలిచారు. అవతలివాళ్ళు అప్పీలుకి పోతే, అక్కడ నాలుగేళ్ళు పడుకుని కేసు మళ్ళీ కింది కోర్టుకే తిరిగొచ్చింది. ఈలోగా మామయ్యగారు కాలం చేశారు. గట్టుతోపాటు వాది హోదా కూడా అత్తయ్యకి సంక్రమించింది. అడంగల్ కాపీ ఎక్కడ పట్టాలో, సర్వేయరు గొలుసు ఏ రాయి దగ్గర మొదలుపెట్టాలో, కమిషనరు పొలానికి వచ్చిన రోజు మజ్జిగ ఎవరు ఇవ్వాలో ఆవిడకి కంఠతా వచ్చు.

ఇక నా సంగతి. నలభై నాలుగేళ్ళు, పాతికేళ్ళ కిందటి బీకాం. పిల్లాడు ఇంజనీరింగ్ హాస్టలుకి వెళ్ళాక ఇంట్లో గోడ గడియారం శబ్దం మరీ గట్టిగా వినబడుతుంటే, లాసెట్‌కి వయసు అడ్డం లేదని తెలిసి రాసేశాను. గుంటూరులోనే సీటొచ్చింది. క్లాసులో నేనే పెద్దదాన్ని అవుతానేమో అని బెరుగ్గా వెళ్తే, మొదటి బెంచీలో రిటైరైన డిప్యూటీ తహసీల్దారు గారు, రెండో బెంచీలో రిటైరైన హెడ్ కానిస్టేబుల్ గారు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "రామ్మా, చిన్నపిల్లవి, ముందు కూచో" అన్నారు. చేరినందుకు ఆ ఒక్క మాట చాలు అనిపించింది.

పాఠాలు చెప్పే సార్లలో సగంమంది ఉదయం కోర్టులో వాదించి, మధ్యాహ్నం మాకు చెప్తారు. కోర్టులో ఓడిన రోజు మాకు ప్రాథమిక హక్కులు చాలా ఆవేశంగా వస్తాయి.

పుస్తకాల ఖర్చు తగ్గిద్దామని విజయవాడ లెనిన్ సెంటర్‌కి పోయి, పాత పుస్తకాల కొట్లో ఐపీసీ దాదాపు తూకానికి కొన్నాను. చవగ్గా వచ్చిందని మురిసిపోతూ క్లాసుకి పట్టుకెళ్తే తహసీల్దారు గారు తిరగేసి, "అమ్మా, ఇది 2024 జులై ఒకటిన పోయింది" అన్నారు, చుట్టం పోయిన కబురు చెప్పినట్టు. 1860 నుంచి ఉన్న 511 సెక్షన్లూ పోయి, వాటి స్థానంలో భారతీయ న్యాయ సంహిత 358 సెక్షన్లతో వచ్చింది. అన్నిటికంటే నాకు బాధ కలిగించింది ఫోర్ ట్వంటీ. మోసం ఇప్పుడు 318 కిందికి పోయింది. తరతరాలుగా మనం తిట్టుకున్న తిట్టుకి చట్టబద్ధత పోయింది. పాలవాణ్ని పట్టుకుని "త్రీ ఎయిటీన్ గాడా" అని చూడండి. ఇంకో చెంబు నీళ్ళు కలుపుతాడు.

రోజూ రాత్రి అన్నాలయ్యాక నేను ఆ రోజు పాఠం అత్తయ్యకి అప్పగించాలి. ఇది ఆవిడ పెట్టిన రూలు. మొదట చెప్పింది పొగబంతి కేసు. లండన్‌లో ఒక కంపెనీ రబ్బరు బంతిలో కార్బాలిక్ పొడి పోసి, దీన్ని రోజుకి మూడుసార్లు చొప్పున రెండు వారాలు ముక్కుతో పీలిస్తే ఇన్‌ఫ్లుయెంజా రాదు, వస్తే వంద పౌన్లు ఇస్తాం అని 1891 నవంబరులో పేపర్లో వేసింది. కార్లిల్ అనే ఆవిడ పీల్చింది. జ్వరం వచ్చింది. డబ్బడిగితే, అదంతా ఉత్త ప్రచారం, ఒప్పందం కాదన్నారు. కాదు, ఒప్పందమే, ఇవ్వాల్సిందే అని కోర్టు చెప్పింది.

"ఎన్నాళ్ళు పట్టింది?" అన్నారు అత్తయ్య.

"కింది కోర్టు, అప్పీలు అన్నీ కలిపి 1892 డిసెంబరుకి అయిపోయాయి."

"అప్పీలుతో కలిపి ఏడాదా? ఆ పుస్తకం ఎవరు రాశారోగానీ అచ్చు తప్పు పడుంటది. సార్ని కనుక్కో."

తర్వాతి వారం నత్త. ఇది ప్రపంచంలో లా చదివిన ప్రతివాళ్ళూ మింగిన నత్త. 1928 ఆగస్టులో స్కాట్లండ్‌లో పెయిస్లీ అనే ఊళ్ళో డోనహ్యూ అనే ఆవిడకి స్నేహితురాలు ఒక సీసా జింజర్ బీరు కొనిపెట్టింది. సగం తాగాక మిగతాది వంచితే కుళ్ళిన నత్త జారిపడిందట. కొన్నది తను కాదు కనక కొట్టువాడితో ఆవిడకి ఒప్పందం లేదు. అందుకని తయారుచేసినవాడి మీదే వేసింది. 1932లో ప్రభువుల సభదాకా పోయింది. ముగ్గురు ఆవిడవైపు, ఇద్దరు అవతలివైపు. ఆ ముగ్గురిలో లార్డ్ అట్కిన్ అనే ఆయన, చట్టం దృష్టిలో నా పొరుగువాడు ఎవడు అని ప్రశ్న వేసుకుని, నా పనివల్ల ఎవరికి దెబ్బ తగులుతుందని నేను ముందే ఊహించగలనో వాళ్ళే నా పొరుగువాళ్ళు, వాళ్ళపట్ల జాగ్రత్తగా ఉండటం నా బాధ్యత అని చెప్పాడు.

అత్తయ్య వక్క నవలడం ఆపారు. "పొరుగోడెవడో తెలుసుకోడానికి అంతమంది పెద్దోళ్ళు కూచున్నారా? గట్టు జరిపేవోడు పొరుగోడు. సరే, నత్త ఉన్నట్టా లేనట్టా?"

"అది తేలలేదత్తయ్యా. నత్త నిజంగా ఉంటే బాధ్యత ఉంటుందా అన్నంతవరకే ప్రభువుల సభ చెప్పింది. ఉందో లేదో విచారణ జరిగేలోపల తయారీదారు పోయాడు. రాజీ పడ్డారు."

అత్తయ్య ముఖం విప్పారింది. "అదీ! అది కోర్టంటే! నాలుగేళ్ళు తిరిగినా నత్త తేలలేదు చూడు. ఈ పుస్తకం నిజమైందే."

ఆవిడ ఇలా మెచ్చుకున్న కేసు మరొకటి ఉంది, 1881 నాటి మద్రాసు హైకోర్టుది. కాంట్రాక్టుల పుస్తకమంతా కార్లిళ్ళూ బాల్ఫోర్లూ నడుస్తుంటే హఠాత్తుగా చిన్నయ్య, రామయ్య ఎదురవుతారు. పెళ్ళిలో తెలియని మందలో మేనమామ కనబడ్డట్టు ఉంటుంది. పైగా కేసు పూర్తి పేరులో ఒకాయనకి "గారు" కూడా ఉంది. ఇంగ్లీషు తీర్పుల సంపుటంలో కూడా గారు వదల్లేదంటే మనవాళ్ళ మర్యాద ఎంతటిదో చూడండి. ఒక ముసలావిడ తన ఆస్తి కూతురికి దఖలు పరుస్తూ, ఏటా 653 రూపాయలు తన తోబుట్టువుకి ఇవ్వమని రాసింది. కూతురు ఇస్తానని ఒప్పుకుని, తర్వాత ఎగ్గొట్టింది. ప్రతిఫలం ముసలావిడ దగ్గర్నుంచి వచ్చింది గానీ అడిగేవాళ్ళ దగ్గర్నుంచి కాదుగా అని వాదించి ఓడింది. అంతవరకు బాగానే ఉంది. ఆ తోబుట్టువు ఒక గైడులో చెల్లెలు, ఇంకో గైడులో తమ్ముడు. చెల్లెలైతే పేరు చిన్నయ్య ఏమిటని సార్ని అడిగాను. సారు గడియారం చూసుకుని అటెండెన్సు తీసుకున్నారు.

ఒక్కసారి మాత్రం నా చదువు ఇంట్లో గొడవ తెచ్చింది. అత్తయ్య అవతలివాణ్ని ఎప్పుడూ "ముద్దాయి" అంటారు. సివిల్ కేసులో ప్రతివాది అనాలి, ముద్దాయి క్రిమినల్ కేసుల్లో అని సరిదిద్దాను. అక్కడితో ఆగితే పోయేది. మర్నాడు హెడ్ కానిస్టేబుల్ గారు, ఆయనకి ఉర్దూ బాగా వచ్చు, ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడేనమ్మా, దావా వేసినవాడు, మన తెలుగులోకి వచ్చేసరికి నేరం మోపబడ్డవాడై కూచున్నాడు అన్నారు. న్యాయం కోసం కోర్టుకి పోయినవాడు దారిలోనే బోనెక్కేశాడన్నమాట. ఈ ముచ్చట ఉత్సాహంగా ఇంటికొచ్చి చెప్పాను. "అంటే అసలు ముద్దాయి మీరేనత్తయ్యా."

రెండురోజులు నాకు పెరుగు తోడు పడలేదు.

బంధువుల ఫోన్ల సంగతి రాస్తే ఇది వ్యాసం కాదు, ఉద్గ్రంథం అవుతుంది. చెక్ బౌన్స్, ఖాళీ చెయ్యని అద్దెవాడు, ఆడపడుచు వాటా. అన్నిటికీ ఒకటే జవాబు చెప్పాను: "అది మాకింకా రాలేదు." ఒక పిన్ని మాత్రం, "వచ్చినప్పుడు చెప్పమ్మా, అప్పటిదాకా వాణ్ని ఉండమంటాను" అంది.

నవంబరులో ఒక వాయిదాకి అత్తయ్య నన్ను వెంటబెట్టుకెళ్ళారు. ముందురోజే ఊరికి పోయి పడుకుని, పొద్దున్నే సెంటర్లో నిలబడ్డాం. షేర్ ఆటోలో ఒక పెద్దాయన వెనక సీటు మీద తువ్వాలు పరిచి, "రామ్మా చెల్లాయ్, నీకోసమే ఆపాను" అన్నాడు. అత్తయ్య ఎక్కి, "షుగరు ఎట్టా ఉందన్నయ్యా?" అన్నారు. దారంతా ఆయన మోకాళ్ళ నొప్పులు, ఈవిడ మినుముల ధర. తెనాలిలో దిగాక ఆటోకి ఆయన డబ్బులిచ్చాడు. ఎవరని అడిగాను.

"ముద్దాయే" అన్నారు అత్తయ్య. వెంటనే నావంక చూసి, "సర్లే, ప్రతివాది."

వెళ్ళేటప్పుడు ఆటో ఆయనది, వచ్చేటప్పుడు ఈవిడది. ఏళ్ళుగా ఇదే ఒప్పందమట. రాతకోతలు లేవు, సాక్షులు లేరు, ఒక్కసారి కూడా ఉల్లంఘన జరగలేదు. కాంట్రాక్టుల సార్‌కి చెప్తే సంతోషిస్తారు.

కోర్టు వరండాలో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూచున్నారు. అత్తయ్య తెచ్చిన పులిహోర ఇద్దరికీ. నేను పరీక్ష భయంతో పై తరగతి పుస్తకాలు కూడా ముందే చదివేసే రకం. అక్కడ నా జ్ఞానం ఆగలేదు. "అత్తయ్యా, అసలు మీకు తెలుసా? సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ పదిహేడు ఉంది. విచారణ మొదలయ్యాక ఒక్కో పక్షానికి మూడుసార్ల కంటే ఎక్కువ వాయిదా ఇవ్వకూడదు. 2002 నుంచి అమల్లో ఉంది."

వాది ప్రతివాది ముఖం చూశారు. ప్రతివాది వాది ముఖం చూశాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి నవ్వారు చూడండి, పులిహోర పొలమారి ఆయనకి నేనే నీళ్ళు పట్టించాల్సి వచ్చింది. ఇన్నేళ్ళలో ఉభయపక్షాలూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి అంశం నేనే అయ్యుంటాను.

"మూడంట అన్నయ్యా!"

"పోనీలేమ్మా, చిన్నపిల్ల."

అత్తయ్య దగ్గర పాత క్యాలెండర్లన్నీ ఉన్నాయి. ఒక్కటీ పారెయ్యలేదు. వాయిదా తేదీకి ఎర్రసున్న, పక్కన కారణం: జడ్జిగారు సెలవు, ప్లీడర్ల బహిష్కరణ, ప్లీడరు గారి మరదలి పెళ్ళి, వర్షం. మరీ తప్పని పరిస్థితుల్లో మూడు దాటినా ఇవ్వొచ్చని 2005లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నేను తర్వాత చదివాను. ఆ క్యాలెండర్ల ప్రకారం మరీ తప్పని పరిస్థితి మా కేసుకి నెలనెలా వచ్చింది. ఆ రోజూ వచ్చింది. పదకొండున్నరకి బంట్రోతు పేర్లు పిలిచాడు. రెండు నిమిషాల్లో కొత్త తేదీ పట్టుకుని బయటికొచ్చాం.

తిరుగు ఆటోలో పెద్దాయన అడిగాడు: "అమ్మాయ్, నీది ఎన్నేళ్ళ చదువు?"

"మూడేళ్ళండి."

"సరిగ్గా సరిపోయిద్ది. అప్పటికి మన కేసు ఆర్గ్యుమెంట్లకి వస్తది. మా ప్లీడరు పెద్దోడైపోయాడు. నువ్వు నా తరఫున నిలబడు."

అత్తయ్య అభ్యంతరం చెప్తారేమోనని చూశాను. "ఫీజు మాట్లాడుకోండి ముందు" అన్నారావిడ.

జనవరిలో పరీక్షలు. కేసులు రాయకపోతే మార్కులు పడవని, గుర్తు రాకపోతే ఏదో పేరు రాసెయ్యమని కుర్రాళ్ళు సలహా ఇచ్చారు. నేను రాయకూడదనే అనుకున్నాను. టార్టుల్లో ఒక లాటిన్ సూత్రం వచ్చింది: వ్యక్తిగతమైన వ్యాజ్యం మనిషితోనే పోతుంది. ఈ సూత్రం చెప్పిన రాత్రి అత్తయ్య, "పోవడమేంటి? మీ మామయ్య పోలా? కేసు పోయిందా?" అని గట్టిగా అడిగారు. భూమి తగాదా వారసులకి సంక్రమిస్తుందని, ఆ సూత్రం దానికి వర్తించదని అప్పుడు వివరించాను కూడా. హాల్లో ఆ మినహాయింపు దాకా బాగానే రాసి, ఉదాహరణ దగ్గర పెన్ను ఆగిపోయింది. ఎన్ని కేసులు చదివానో అన్నీ ఒక్కసారే ఎగిరిపోయాయి. గడియారం చూశాను. మామయ్యగారి పేరు వర్సెస్ పెద్దాయన పేరు అని రాసి, అసలు దావా నంబరు, సంవత్సరం వేసి, కింద గీత గీశాను. నా పేపరంతటిలో అనుమానం లేకుండా రాసిన కేసు అదొక్కటే.

టార్టుల్లో 51 వచ్చాయి. అత్తయ్యకి చెప్తే, "మన కేసుకి ఎంతేశారు?" అన్నారు.

గట్టు కేసు ఈసారి జులై తొమ్మిదికి పడింది. నాకు ఆ రోజే రెండో సెమిస్టరు కాంట్రాక్టులు. నేను రాలేనని చెప్పాను. "నువ్వెందుకు, పరీక్షకి పో," అన్నారు అత్తయ్య. "ఆటోలో అన్నయ్య సీటు ఆపుతాడు."