కొండను తవ్వొద్దన్న టిన్ను

2025 మార్చిలో రాజమౌళి మా కోరాపుట్ కొండలెక్కారు. మహేశ్‌బాబు, ప్రియాంకా చోప్రా, పృథ్వీరాజ్ కూడా వచ్చారు. తలమాలి కొండ మీద సెట్టు పడింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసే దాకా మాది విశాఖ జిల్లా. మదరాసు పోయి కటకం వచ్చింది, కటకం పోయి భువనేశ్వర్ వచ్చింది, మా వాళ్ల అభిమాన హీరో మాత్రం మారలేదు. అందుకే పనున్న వాళ్లూ లేని వాళ్లూ తలమాలి దారి పట్టారు.

ఆ రోజుల్లోనే రాజమౌళి ఒంటరిగా దేవమాలి ఎక్కారు. ఒడిశాలో అంతకంటే ఎత్తైన శిఖరం లేదు. పైనుంచి కనబడిన అందానికి మైమరచిపోయి, దారి పొడవునా పడివున్న చెత్తకి నొచ్చుకుని, వచ్చినవాళ్లు ఎవరి చెత్త వాళ్లు వెనక్కి పట్టుకెళ్లాలని సోషల్ మీడియాలో రాశారు. నూటికి నూరుపాళ్లూ సరైన మాట. ఒక్క సందేహమే మిగిలిపోయింది. కొండ కొమ్ము మీదికి పోయి కూల్‌డ్రింకు తాగాలన్న బుద్ధి మా కుర్రాళ్లకి ఎక్కడ పుట్టింది? మహేశ్‌బాబు ఏళ్ల తరబడి థమ్సప్ కోసం ప్రాణాలకి తెగించారు. ఆ తర్వాత మౌంటెన్ డ్యూ కోసం తెగించారు. తాగేశాక ఖాళీ సీసాని ఏంచేశారో మాత్రం ఏ ప్రకటనలోనూ చూసిన గుర్తు లేదు. కుర్రాళ్లకి పాఠం అక్కడిదాకే అందింది, అక్కడిదాకే ఆచరించారు.

వస్తు వ్యామోహాన్ని సినిమా విమర్శించగలదా అని పట్నంలో మేధావులు చర్చిస్తుంటారు. మా పక్క జిల్లా రాయగడలో దీనికి పదిహేనేళ్ల కిందటే ప్రయోగం జరిగిపోయింది. ఫలితం ఎవరూ చదవలేదంతే.

2009 డిసెంబరులో జేమ్స్ కామెరూన్ ‘అవతార్’ వచ్చింది. ఎక్కడో పండోరా అనే లోకం. అక్కడ నీలిరంగు మనుషులు. వాళ్లు కాపురముండే చెట్టు కింద ఖనిజం. దాన్ని తవ్వుకుపోవడానికి భూమ్మీది నుంచి ఓ కంపెనీ. సరిగ్గా అప్పుడే మా నియమగిరిలో డొంగ్రియా కొంధులు కొలిచే కొండ మీద బాక్సైటు కోసం వేదాంత కంపెనీ కాచుకుని ఉంది. 2010 ఫిబ్రవరిలో సర్వైవల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ హాలీవుడ్ పత్రిక ‘వెరైటీ’లో కామెరూన్‌ని ఉద్దేశించి ప్రకటన వేయించింది. అయ్యా, మీరు తీసిన కథ ఇండియాలో నిజంగానే జరుగుతోంది, సాయం చెయ్యండి అని. ఆ ఏడాది జులైలో లండన్‌లో వేదాంత వాటాదార్ల సమావేశం దగ్గరికి ఒళ్లంతా నీలిరంగు పూసుకుని నిరసనకారులు వచ్చారు. కెమెరాలు పరిగెత్తుకొచ్చాయి. అంతవరకూ సినిమా పనికొచ్చింది, కాదనను. మామూలు ఒంటి రంగుతో నిలబడితే అన్ని కెమెరాలు వస్తాయా?

ఇక రెండో రీలు. అదే ‘అవతార్’ విడుదలకి మెక్‌డొనాల్డ్స్ పిల్లల భోజనంతో పాటు బొమ్మలిచ్చింది. కోక్ జీరో ప్రత్యేకంగా ‘అవతార్’ గుర్తుతో టిన్నులు దించింది. ఆ టిన్ను దేంతో చేస్తారు? అల్యూమినియంతో. అల్యూమినియం దేన్నించి వస్తుంది? మా దమన్‌జోడిలో నాల్కో క్వార్టర్ల పిల్లల్ని అడగండి, నిద్రలో లేపినా చెబుతారు. సుమారు నాలుగు టన్నుల బాక్సైటు తవ్వితే రెండు టన్నుల అల్యూమినా, దాన్నుంచి ఒక టన్ను లోహం. ఆ బాక్సైటు మా పంచపట్మాలి లాంటి కొండల నెత్తి మీదే ఉంటుంది. అంటే కొండను తవ్వడం మహాపాపమని బోధించిన సినిమాకి, కొండను తవ్వగా వచ్చిన లోహమే ప్రచారం చేసిపెట్టింది. ప్రేక్షకుడు హాల్లో కళ్లు తుడుచుకున్నాడు, బయటికొచ్చి టిన్ను మూత లాగాడు. ఇందులో కుట్రేమీ లేదు, మార్కెటింగ్ విభాగంలో అందరూ సజ్జనులే. పండోరా మీద డిస్నీవాళ్లకి కూడా జాలి కలిగింది. 2017లో ఫ్లోరిడాలో పండోరానే కట్టి, గేటు దగ్గర టికెట్టు పెట్టారు.

మన కంపెనీలు మందకొడివని ఎవరూ అనుకోవద్దు. సినిమాతో తిట్టించుకోగలిగితే సినిమాతో పొగిడించుకోనూవచ్చని వేదాంత త్వరగానే గ్రహించింది. 2012లో తాము పంచుతున్న సంతోషం మీద చిట్టిచిత్రాల పోటీ పెట్టింది. శ్యామ్ బెనెగళ్, గుల్ పనాగ్ న్యాయనిర్ణేతలు. విమర్శలు రేగేసరికి ఇద్దరూ తప్పుకున్నారు.

ఇంతకీ కొండ ఎలా మిగిలింది? 2010 ఆగస్టులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ అటవీ అనుమతి నిరాకరించింది. వ్యవహారం సుప్రీంకోర్టుకి ఎక్కింది. ఊళ్లవాళ్లనే అడగమని 2013 ఏప్రిల్ 18న కోర్టు చెప్పింది. జులైలో సెర్కపాడితో మొదలై ఆగస్టు 19న జరపాతో ముగిసే దాకా, జిల్లా జడ్జి సమక్షంలో, 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఇంటర్వెల్ లేదు, పాటల్లేవు, క్లైమాక్సులో హెలికాప్టర్లు పేలలేదు. ‘అవతార్’ చూశావా అని అడిగే గడి ఆ రిజిస్టర్లలో ఉన్నట్టు నేను వినలేదు.

ఇక మన హీరోల సంగతి. 2017 సంక్రాంతికి ‘ఖైదీ నంబర్ 150’లో చిరంజీవి రైతుల భూమి కార్పొరేట్ పాలవకుండా ఆపారు. అంతకుముందు అదే చేత్తో థమ్సప్ సీసా ఎత్తినవారే. దీని తమిళ మాతృక ‘కత్తి’లో విజయ్ విదేశీ కూల్‌డ్రింకు కంపెనీతో తలపడ్డారు. ఆయన కూడా అంతకుముందు కోకకోలా ప్రకటనల్లో కనబడినవారే. కూల్‌డ్రింకు వాళ్లు నొచ్చుకున్నారా? లేదు. థియేటర్ క్యాంటీన్లో వాళ్ల సరుకే కదా పారింది. ఎవరో మనిషి మీ దుకాణంలో కూర్చుని, మీ సోడా తాగుతూ, మీ మీద కేకలేస్తుంటే మీకేమన్నా నష్టమా?

న్యాయం న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2015లో ‘శ్రీమంతుడు’ వచ్చింది. ఊరిని దత్తత తీసుకోమంది. మహేశ్‌బాబు బుర్రిపాలెం, సిద్ధాపురం నిజంగానే దత్తత తీసుకున్నారు. 2019లో ‘మహర్షి’ వారాంతంలో పొలం పని చెయ్యమంది. కొందరు చేశారు, ఫొటోలూ పెట్టారు. ఇంతకన్నా ఏం కావాలి అంటారా? గమనించండి, ఇవ్వమని చెప్పడం సినిమాకి బాగా వచ్చు. పోరాడమని చెప్పడమూ వచ్చు. కొనొద్దని చెప్పడమే నోరు తిరగదు. తిరిగితే ప్రేక్షకుడు మొట్టమొదట కొనకుండా ఉండేది టికెట్టే, ఆ తర్వాత పాప్‌కార్న్. 2024 డిసెంబరులో ‘పుష్ప 2’ ప్రత్యేక ప్రదర్శనలకి తెలంగాణ ప్రభుత్వమే 800 రూపాయలు పెంచుకోమన్నాక, నిరాడంబరత మీద సినిమా తియ్యడానికి ఏ నిర్మాతకి గుండె ఒప్పుకుంటుంది?

అయితే వస్తు వ్యామోహం మీద నేను చూసిన మంచి సన్నివేశం ఒకటి ఈ సినిమావాళ్ల పుణ్యమే. అదే 2025 మార్చిలో విశాఖ విమానాశ్రయానికి పోతూ ప్రియాంకా చోప్రా దారిలో జామకాయలు కొన్నారు. నూట యాభై రూపాయల కాయలు, ఆవిడ ఇచ్చింది రెండువందలు. చిల్లర నువ్వే ఉంచుకోమన్నారు. అమ్మే ఆవిడ వెళ్లి, సిగ్నల్ పడేలోపు తిరిగొచ్చి, మరో రెండు కాయలు చేతిలో పెట్టింది. ఊరికే వచ్చే యాభై ఆమెకి అక్కర్లేదు. ఈ ముచ్చట ప్రియాంకే చెప్పుకున్నారు. దీనికి దర్శకుడు లేడు, స్పాన్సర్ లేడు.

పండోరాలో మూడో యుద్ధం 2025 డిసెంబరులో విడుదలైంది. మా దగ్గర కథ రాయగడ, కలహండి సరిహద్దుల్లో సిజిమాలి కొండకి జరిగింది. అక్కడి బాక్సైటు 2023లో వేలంలో వేదాంతకే దక్కింది. ఆ ఏడాదే నిరసనలు, అరెస్టులు అయ్యాయి. లేని గ్రామసభ తీర్మానాలు తమ సంతకాలతో పుట్టించారని అక్కడి ఊళ్లవాళ్ల ఆరోపణ. అంటే ఈసారి గ్రామసభకే ఎవరో స్క్రిప్టు రాశారన్నమాట. సామాజిక స్పృహ గల దర్శకులు ఎవరైనా వచ్చి చూడవచ్చు. ప్రవేశం ఉచితం. నీలిరంగు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.