అంకెకు కాళ్లొచ్చే వేళ

సెన్సెక్స్ పడితే ‘లాభాల స్వీకరణ’. లేస్తే ‘కనిష్ఠ స్థాయుల్లో కొనుగోళ్లు’. ఎటూ కదలకపోతే ‘మదుపరుల అప్రమత్తత’. మూడున్నరకు మార్కెట్ మూసేదాకా నోరు విప్పని విశ్లేషకుడు నాలుగింటికల్లా టీవీలో కూర్చుని, అంతా తనకు ముందే తెలుసంటాడు. రూపాయిది మరీ సున్నితం. అది పడదు, ‘ఒత్తిడికి లోనవుతుంది’ అంతే!

అసలు మజా చమురుది. పెట్రోలు ధరను రోజూ సవరించే పద్ధతి దేశమంతటా 2017 జూన్ 16న వచ్చింది. రోజూ అంటే రోజూ అనుకున్నాం, అమాయకులం. 2022 మొదట్లో అయిదు రాష్ట్రాల ఎన్నికలు. ఉక్రెయిన్ యుద్ధంతో బ్యారెల్ వంద డాలర్లు దాటినా కంపెనీలు పైసా కదపలేదు. మార్చి 10న ఫలితాలొచ్చాయి. 22 నుంచి అంకెకు కాళ్లొచ్చాయి. రోజుకు ఎనభై పైసల చొప్పున నడిచి, రెండు వారాల్లో పది రూపాయలు ఎక్కి కూర్చుంది.

మరి దిగేటప్పుడో? 2020 ఏప్రిల్ 20న న్యూయార్క్‌లో మే నెల కాంట్రాక్టు బ్యారెల్ మైనస్ 37.63 డాలర్లకు పడింది. అంటే పట్టుకెళ్లేవాడికే ఎదురు డబ్బులన్నమాట! మనకేం దక్కింది? మే 5 రాత్రి లీటరు పెట్రోలుపై 10, డీజిలుపై 13 రూపాయల కేంద్ర సుంకం పెంపు. బంకు ధర అక్కడే ఉంచారు కాబట్టి జేబు కత్తిరించిన చప్పుడు కూడా వినపడలేదు.

బంకు కుర్రాడు మాత్రం మర్యాదగా అంటూనే ఉన్నాడు: ‘‘జీరో చూసుకోండి సార్!’’