లేడీ డాక్టర్ వాడిన మిషన్

సంతలో వంకాయలు కొనేటప్పుడు ఒక్కో కాయ తొడిమ ఎత్తి పుచ్చుందేమోనని చూసే రకం నేను. చెప్పుల షాపులో రెండు చెప్పుల్నీ ఒకదానికొకటి ఆనించి కొలిచే రకం. అలాంటి నేను 5 లక్షల 60 వేలు పోసి ఒక ఎక్స్‌రే మిషన్‌ను దాని రంగు చూసి కొన్నాను. బయట చెప్పుకుంటే పరువు పోతుందని ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నాను. మీరు మనవాళ్లు కాబట్టి చెబుతున్నాను. నవ్వండి గానీ, కాస్త తలుపు వేసుకుని నవ్వండి.

బాల్కొండలో నాది చిన్న ఆస్పత్రి. నాలుగు మంచాలు, ఒక నర్సమ్మ, నాకన్నా ఎక్కువ వైద్యం తెలిసిన ఒక కాంపౌండర్. జ్వరాలు, షుగర్లు, పసుపు ఉడకబెట్టే రోజుల్లో కాలిన చేతులు, వానాకాలంలో తేలు కాట్లు. ఎముక సంగతి వస్తే మాత్రం చీటీ రాసి ఆర్మూర్ పంపాల్సిందే. 44వ నంబరు హైవే ఎక్కితే ఎంతసేపు? పొద్దున పోయినవాళ్లు అన్నం వేళకు ఫిల్ము పట్టుకుని నా ముందుండేవాళ్లు. రోగికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా నాకే. ఆ ఫిల్ము పెట్టి ఇచ్చే పెద్ద కవరుంటుంది చూశారూ, దాని మీద ఇంతింత అక్షరాలతో వేరే డాక్టరు పేరు. నా రోగి, నా కుర్చీలో కూర్చుని, నా బల్ల మీద ఆ కవరు పెట్టేవాడు. రోజుకు నాలుగైదు కవర్లు. రాత్రి కళ్లు మూసుకుంటే కవర్లే.

మొదట స్కానింగ్ మిషన్ కొందామనుకున్నాను. కడుపులో బిడ్డ ఆడా మగా చెప్పకూడదని 1994లో వచ్చిన చట్టం ఒకటుంది. దాని ప్రకారం రిజిస్ట్రేషన్ లేనివాడికి ఆ మిషన్ అమ్మడం కూడా నేరమే. కొత్తదైనా అంతే, పాతదైనా అంతే. గర్భిణిని స్కాన్ చేస్తే ప్రతిసారీ ఫారం ఎఫ్ నింపాలి. నాకు ప్రిస్క్రిప్షన్ రాయడానికే బద్ధకం. అందుకని ఎక్స్‌రే మీదికి మనసు మళ్లించాను. ఎక్స్‌రేకు ఏ చట్టమూ ఉండదులే అనుకున్నాను. ఉంది. ముంబయిలో 1983లో పెట్టిన అణుశక్తి నియంత్రణ మండలి వాళ్లు రిజిస్టర్ చేస్తే గానీ మీట నొక్కకూడదు. బాల్కొండలో ఒకడి మడమ ఫోటో తీయడానికి అణుశక్తి వాళ్లను అడగాలి. మీరు నమ్మరేమో గానీ, ఈ మాట విన్నాక నాకు భయం వేయలేదు, గర్వం వేసింది.

ఇక్కడ మా బాపు సంగతి చెప్పాలి. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ తెలుసు కదా, 1937లో పెట్టింది. అందులో ఫిట్టర్‌గా చేరి, ఫిట్టర్‌గానే రిటైరయ్యాడు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆయనకు ఇంట్లో మిక్సీ తిరిగితే చాలు, ఏ బుష్ అరిగిందో పక్క గదిలోంచి చెబుతాడు. నేను మిషన్ కొంటున్నానని తెలిసి ఫోన్ చేశాడు.

"నన్ను తోల్కపో బిడ్డా. మిషన్‌ను కండ్లతోని కాదు, చెవులతోని కొనాలె."

"బాపూ, ఇది చెరుకు గానుగ కాదు, మెడికల్ ఎక్విప్‌మెంట్" అన్నాను.

అసలు కారణం అది కాదు. హైదరాబాద్‌లో డీలరు ముందు ఎంబీబీఎస్ డాక్టరు పక్కన గ్రీజు మరకల చొక్కాతో ఒక ఫిట్టరు ఎందుకని. చూశారా, రాస్తుంటేనే చెయ్యి వణుకుతోంది. అవతల ఆయన సరే అని ఫోన్ పెట్టేశాడు.

డీలరు గోడౌన్‌లో మిషన్లు పెళ్లిచూపులకు కూర్చున్నట్టు వరసగా ఉన్నాయి. నేను నిలబడింది 300 ఎంఏ మిషన్ ముందు. పక్కనే సీఆర్ రీడరు, నాలుగు క్యాసెట్లు. తెల్లటి రంగు, నీలం గీత, నా మొహం కనబడేంత మెరుపు. డీలరు గొంతు తగ్గించి అన్నాడు: "లేడీ డాక్టర్ వాడిన మిషన్ సార్. సింగిల్ హ్యాండ్."

అంతే. నేను పడిపోయాను. లేడీ డాక్టర్ వాడితే ఎక్స్‌రే మిషన్ ఎందుకు బాగుంటుంది? ఆవిడేమన్నా రోజూ దానికి నలుగు పెట్టి స్నానం చేయించిందా? నాకు ఆ ప్రశ్న తట్టలేదు. మీరు నవ్వకండి. మీ ఇంట్లో స్కూటర్ కొన్నప్పుడు టీచరమ్మ నడిపిన బండి అంటే వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చారా లేదా, నిజం చెప్పండి.

నేను పరీక్షించినవేమిటంటే, రంగు, చక్రాలు, బటన్ నొక్కితే కుయ్యిమనే శబ్దం. ట్యూబు ఎన్ని ఫోటోలు తీసి అలసిపోయిందో అడగలేదు. క్యాసెట్లలో ఉండే ప్లేట్లు ఏ సంవత్సరానివో అడగలేదు. ఒక్క ఫోటో తీసి చూపించమని కూడా అడగలేదు. మా జిల్లాలో పసుపు కొనేవాడు కొమ్ము విరిచి లోపలి రంగు చూడనిదే ధర చెప్పడు. నేను పైపూత చూసి అడ్వాన్సు ఇచ్చాను. మిషన్‌తో పాటు వచ్చిన డీలరు మనిషికి దారిలో అంకాపూర్‌లో దేశీ కోడి కూర తినిపించాను. అక్కడ మాత్రం "అసలు దేశీయేనా?" అని నాలుగుసార్లు అడిగి, కోడి కాళ్లు చూసి మరీ ఒప్పుకున్నాను.

డబ్బు సగం బ్యాంకుది, సగం మా ఆవిడ బంగారానిది. పుస్తెలతాడు తప్ప అన్నీ పోయాయి, పెళ్లినాటి ఉంగరంతో సహా.

మిషన్ వచ్చాక టేబుల్ తలుపులో పట్టలేదు. తలుపు పక్క గోడ పగలగొట్టాం. తర్వాత అదే గోడ తొమ్మిదంగుళాల ఇటుకతో మళ్లీ కట్టించి, తలుపుకు సీసం రేకు వేయించాను. త్రీ ఫేజ్ లైను తీసుకుని, లోపల మాత్రం నాలుగు వేలు మిగులుతాయని సన్న వైరు లాగించాను. మొదటిసారి ఎక్స్‌పోజర్ ఇవ్వగానే ఆస్పత్రిలో సగం దీపాలు ఆరి వెలిగాయి. అన్నిటికన్నా ముందు చేసింది బోర్డు. "డిజిటల్ ఎక్స్‌రే" అని నా ఫోటోతో పాటు. ముందు బోర్డు వచ్చింది, తర్వాత మిషన్ వచ్చింది, చాలా తర్వాత రిజిస్ట్రేషన్ వచ్చింది. ఈ మధ్యలో నాలుగు నెలలు జనం బోర్డు చూసి ఎక్స్‌రే కోసం లోపలికొచ్చేవాళ్లు, నేను ఆర్మూర్‌కు చీటీ రాసిచ్చేవాణ్ణి. ఖాళీగా ఉండడమెందుకని నా పేరు, నా ఫోటో వేయించి వెయ్యి కవర్లు అచ్చేయించాను. గట్టి కాగితం.

దసరా నాడు ప్రారంభోత్సవం. 1963లో పోచంపాడు ప్రాజెక్టుకు నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేసినప్పుడైనా ఇన్ని ఫ్లెక్సీలు కట్టి ఉండరు. మిషన్‌కు పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, ముందర గుమ్మడికాయ. ఆ ఊపులో నేను ఉపన్యాసం ఇచ్చాను. 1895 నవంబరు 8న రాంట్‌జెన్ ఈ కిరణాలు కనిపెట్టాడు, పేటెంటు కూడా తీసుకోలేదు, ఆయన తీసిన ఫోటోల్లో ప్రపంచమంతా తెలిసింది భార్య బెర్తా చెయ్యిది, ఉంగరంతో సహా పడింది అని చెప్పి మా ఆవిడ వైపు గర్వంగా చూశాను. ఆవిడ అందరూ వినేట్టు, "నా ఉంగరం బ్యాంకుల ఉన్నది" అంది.

బాపు వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. టెక్నీషియన్ కుర్రాడు స్విచ్ మొదటి మెట్టు నొక్కగానే, ట్యూబు లోపల పళ్లెం తిరగడం మొదలైంది. నిమిషానికి దాదాపు మూడు వేల చుట్లు తిరిగే పళ్లెం అది. గర్ర్‌మని, ఖాళీ తిరగలిలా ఒక చప్పుడు. అందరూ చప్పట్లు కొట్టారు. బాపు తల అడ్డంగా ఊపాడు. నేను చూశాను. చూడనట్టు తల తిప్పుకున్నాను.

ఇక వినండి. మొదటి పేషెంటు బీడీలు చుట్టే అక్క. మెట్టు జారి చెయ్యి ఊతంగా పడింది. మణికట్టు వాచింది. ఫోటో తీయించాను, కంప్యూటర్లో పెద్దది చేసి చూశాను, ఎముక కింది భాగంలో సన్నటి నల్లగీత, హెయిర్‌లైన్ ఫ్రాక్చర్, నా మిషన్ మొదటి రోజే ఫ్రాక్చర్ పట్టుకుంది, సంతోషం పట్టలేక పిండికట్టు వేసి చెయ్యి కదపకూడదన్నాను. నాలుగు రోజులకు పసుపు రైతు ఒకాయన, చెయ్యి బండికి గుద్దుకుంది, ఫోటో, గీత, పిండికట్టు. మరో మూడు రోజులకు దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన మా బామ్మర్ది బండి మీంచి పడ్డాడు, ఫోటో, గీత, పిండికట్టు, విమానం టికెట్టు రద్దు. టెక్నీషియన్ కుర్రాడు "సార్, ఆ గీత..." అని ఏదో అనబోయాడు. "నువ్వు తియ్యి, చదవడం నా పని" అన్నాను. పైగా ఆ మూడింటికీ రెండో కాపీ తీయించి, పెళ్లి ఫోటోల్లాగా నా గదిలో వ్యూ బాక్సుకు తగిలించాను. వచ్చినవాళ్లందరికీ చూపించాను. పోస్టుమేన్‌కు కూడా చూపించాను.

వారంలో మూడు మణికట్టులు ఒకే రకంగా విరిగాయంటే ఏ మెడికల్ విద్యార్థి అయినా చెవులు రిక్కించాలి. నాకు తట్టింది ఏమిటంటే, మా ఊళ్లో ఎముకలు బలహీనపడుతున్నాయని, దీని మీద ఒక వ్యాసం రాయాలని.

దీపావళికి బాపు వచ్చాడు. నేను రౌండ్స్‌కు పోయి వచ్చేసరికి నా గదిలో వ్యూ బాక్సు ముందు నిలబడి ఉన్నాడు.

"ఇదేంది బిడ్డా?"

"ఫ్రాక్చర్ బాపూ."

"ఇది?"

"అదీ ఫ్రాక్చరే."

"గిది?"

"బామ్మర్దిది."

మూడు ఫిల్ములూ ఊడదీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, మూలలు కలిపి, కిటికీ వెలుగుకు పట్టాడు. ఫ్యాక్టరీలో రబ్బరు గాస్కెట్లు సరిచూసేవాడు అలాగే. సన్న చెయ్యి, మోటు చెయ్యి, మా బామ్మర్ది బొద్దు చెయ్యి. వేళ్లు వేళ్లతో కలవలేదు, ఎముకలు ఎముకలతో కలవలేదు. గీత మాత్రం గీతతో కలిసింది. మూడు గీతలు కలిసి ఒక్క గీత.

"గీత చేతులది కాదు బిడ్డా, నీ డబ్బాది" అన్నాడు.

నా చెమట చుక్క టేబుల్ మీద పడడం నాకు వినిపించింది. కుర్రాణ్ణి పిలిచి, ఆ మూడు ఫోటోలూ తీసిన క్యాసెట్టును ఖాళీగా టేబుల్ మీద పెట్టి ఫోటో తీయించాను. చెయ్యి లేదు, ఎముక లేదు, మనిషే లేడు. ఫ్రాక్చర్ మాత్రం ఉంది.

సంగతేమిటంటే, సీఆర్‌లో ఫిల్ము బదులు క్యాసెట్ లోపల ఒక ప్లేటు ఉంటుంది. రీడరు ప్రతిసారీ దాన్ని బయటికి లాగి, చదివి, మళ్లీ లోపలికి తోస్తుంది. ఏళ్ల తరబడి లాగీ తోసీ ప్లేటు పగులుతుంది. పగులు ఫోటోలో నల్లగీతలా పడుతుంది, అచ్చం ఎముక విరిగినట్టే. ఎముక చుట్టూ ఉన్న కండ మీద కూడా ఆ గీత పలచగా సాగింది. కండకు ఫ్రాక్చర్ ఉండదని నాకు చెప్పడానికి అయిదున్నరేళ్ల చదువు అక్కర్లేదు. కనబడలేదు. కవరు మీద నా ఫోటో కనబడింది.

డీలరుకు ఫోన్ చేస్తే ప్లేట్లకు గ్యారంటీ లేదు సార్ అన్నాడు. కాగితం తీసి చూస్తే నిజంగానే లేదు. నేను చదవకుండా సంతకం చేసిన కాగితమే.

రైతు నవ్వేసి కట్టు విప్పించుకున్నాడు. బామ్మర్ది ఇంకో పది రోజులు అమ్మ చేతి వంట దొరికిందని సంతోషించాడు, టికెట్టు డబ్బులు మాత్రం నా దగ్గర ముక్కు పిండి వసూలు చేశాడు. బీడీల అక్క ఇంటికి నేనే పోయాను. అరుగు మీద చాట, చాటలో తునికాకు. పిండికట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడమ చేత్తో ఆకు అందిస్తోంది. ఏడో తరగతి చదివే పిల్ల బడి మానేసి బీడీలు చుడుతోంది. వేలెడంత బీడీకి పిల్ల చేత్తో దారం కట్టడం చూసి, నేను దారిలో కూడబెట్టుకున్న మాటలన్నీ మరచిపోయాను. కట్టు విప్పి, తప్పు నాదని చెప్పి, ఆమె పోగొట్టుకున్న రోజుల కూలీ లెక్కగట్టి చేతిలో పెట్టాను. ఎక్కువివ్వబోతే తీసుకోలేదు.

"ఇరగలేదు గదా సార్, గది చాలు. మీ కవరు మాత్రం మంచిగున్నది, గట్టిగున్నది. నా పింఛను కాగితాలు అండ్ల పెట్టుకున్న" అంది.

గోడకు మేకు, మేకుకు సంచి, సంచిలోంచి తొంగి చూస్తూ నా ఫోటో.

ఫిబ్రవరిలో ట్యూబు కూడా పోయింది. ప్రారంభోత్సవం నాడు బాపు తల అడ్డంగా ఊపింది ఆ బేరింగు చప్పుడుకే. ఇప్పుడా మిషన్‌ను తీసేయాలన్నా ముంబయి వాళ్లకు తెలియజేసి పద్ధతిగా తీయాలి. ఆ కాగితాలు నడుస్తున్నాయి. ఎముకల కేసులు మళ్లీ ఆర్మూర్ పోతున్నాయి, వేరే డాక్టరు కవర్లలో తిరిగొస్తున్నాయి. వచ్చే ఏడు కొత్తది కొనాలని అనుకుంటున్నాం. కొటేషన్లు బాపు దగ్గరున్నాయి, కంపెనీ ఇంజనీరు వస్తే ముందు ఆయనే మాట్లాడతాడు.

నా దగ్గర మాత్రం తొమ్మిది వందల పైచిలుకు కవర్లు మిగిలాయి. పట్టా కాగితాలు, రేషన్ కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు పెట్టుకోవడానికి చాలా బాగుంటాయి. బాల్కొండ వైపు వస్తే తలా నాలుగు తీసుకుపోండి.