చుక్కలు లెక్కపెట్టే బాబాయిగారు

తెల్లవారుజామున అయిదింటికి మా వీధిలో లేచేది ఇద్దరే. పాలబ్బాయి గేట్లు తడుతుంటాడు. ఎదురింటి బాబాయిగారు గచ్చు మీద బోర్లా పడుకుని చుక్కలు లెక్కపెడుతుంటారు. ఆకాశంలోవి కావు, కారు కిందవి.

పాత కారున్న ప్రతి వీధిలోనూ ఇలాంటి పెద్దమనిషి ఒకరుంటారు. చొక్కా జేబులో టార్చి, లుంగీకి చెరగని నూనె మరక, గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఓ నల్లగీత. పెళ్లిభోజనాల్లో ఎవరైనా "బండి ఎలా ఉందండీ?" అని పొరపాటున అడిగారా, వాళ్ల విస్తట్లోకి పెరుగన్నం వచ్చి, ఆరి, అట్టకట్టాల్సిందే. మా పటమటలో ఉన్న నమూనా ఆడిట్లో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైనాయన. సర్కారు సొమ్ము ఎక్కడ కారిపోతోందో పట్టుకోవడం ఆయన ఉద్యోగం. పట్టుకున్నవాటిలో ఆగినవెన్నో అడిగే ధైర్యం నాకు లేదు.

కారు తెల్ల మారుతి 800, 1998 డిసెంబరుది. మూడు సిలిండర్లు, 796 సీసీ. ఆ మోడల్లో మొదటి బండి తాళాలు 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారని, 2014 జనవరిలో తయారీ ఆపేశారని, తన బండి ఈ రెంటికీ సరిగ్గా నట్టనడుమ పుట్టిందని కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన కుర్రాడికి కూడా చెప్పి పంపుతారు. పదిహేనేళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషను రెన్యువలు ఫీజు 2022 ఏప్రిల్లో 600 నుంచి 5,000 చేసినప్పుడు రెండ్రోజులు అన్నం సయించలేదాయనకు. 2023లో కట్టేశారు. "తల్లికి మందులు మాన్పిస్తామటయ్యా?" అన్నారు. ఆ తల్లికి కారుజబ్బు ఉందని వీధికంతా తెలుసు.

బాబాయిగారి వైద్యానికి పనిముట్టు దినపత్రిక. నిన్నటిది, ఇవాళ్టిది కాదు. రాత్రి ఇంజను కింద పరుస్తారు. పొద్దున్నే దాని మీద పడిన చుక్కలకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, తేదీ వేసి, ఫైల్లో కడతారు. జిల్లా ఎడిషను బాగా పీలుస్తుందట. మెయిన్ పేజీ రంగుబొమ్మల మీద చుక్క జారిపోతుందట. మా అబ్బాయి జాతకం కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ రాయలేదు.

తరవాత వేళ్ల మధ్య రుద్ది వాసన చూడ్డం. "నల్లగా, కొంచెం మాడు వాసనా? ఇంజనాయిలు. కుళ్లిన వెల్లుల్లి కంపా? గేరుబాక్సు. పచ్చగా, నీళ్లగా, జారుడుగా ఉంటే రేడియేటరు. ఉత్త నీళ్లయితే ఏసీ." ఆయన కారులో ఏసీ పోయి పదేళ్లయింది కాబట్టి నాలుగోది కేవలం శాస్త్రజ్ఞానం కోసం.

శాస్త్రం మాత్రం తప్పు కాదు. నిజం చెప్పాలంటే, నాకు ఈ మాత్రం తెలిసింది ఆయన వల్లే. "చుక్క పడ్డచోట చిల్లుండదబ్బాయ్. ఆయిలు పైనెక్కడో చెమర్చి, గోడ పట్టుకుని కిందికి పాకుతుంది. బండి పోతుంటే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. ఇంజను ముందు భాగంలో కారింది వెనక భాగంలో చుక్కై వేలాడుతుంది. అందుకని ముందు డీజిలుతో కడిగి, గుడ్డపెట్టి తుడిచి, ఆరాక పిల్లల పౌడరు చల్లాలి. బెంజిసర్కిల్ దాకా వెళ్లొచ్చి టార్చి వేస్తే, తడిసిన పౌడర్లో అన్నిటికంటే పైనున్న మరకే అసలు దొంగ."

కడిగేదాకా, పౌడరు చల్లేదాకా చక్కగా చేస్తారు. బెంజిసర్కిల్ దాకా వెళ్లరు. గేటు దాటకముందే దొంగ ఎవరో ఆయనకు తెలిసిపోతుంది. ముందు రిపోర్టు రాసి, వీలుంటే తనిఖీకి వెళ్లడం ముప్పై నాలుగేళ్ల అలవాటు కదా.

అలా మొదట దోషిగా తేలింది ఇంజను నెత్తినుండే ట్యాపెట్ కవరు ప్యాకింగు. రబ్బరు వేడికి ఎండి గట్టిపడి అట్టముక్కలా అయిన మాట నిజమే. ఆటోనగర్ వెళ్లి కొత్తది తెచ్చి బిగించారు. కారింది. ఇంకొంచెం బిగించారు. ఇంకొంచెం కారింది. అది పల్చటి రేకు కవరు, మరీ బిగిస్తే అంచు వంగి సందు ఇస్తుంది. ఈ సంగతి కూడా నాకు ఆయనే చెప్పారు, మూడో ప్యాకింగు పోయాక. తరవాత డ్రెయిను బోల్టు రాగి వాషరు, ఆయిలు ఫిల్టరు, ఆయిలు చాంబరు అంచంతా గోరింటాకులా అనాబాండ్ జిగురు. ఒకచోట ఆపితే ఇంకోచోట పుట్టేది. చివరికి అనుమానం క్రాంకు వెనకాల సీలు మీదికి పోయింది. సీలు ఖరీదు మనవడి బొమ్మంత, కానీ దాన్ని చేరాలంటే గేరుబాక్సు దించాలి. ఆ మాట వినగానే ఆయన ముఖం గుండె ఆపరేషనుకు సంతకం పెట్టమన్నట్టు అయిపోయేది. ఆటోనగర్లో ఆయన తెల్లకారు మలుపు తిరిగితే చాలు, మేస్త్రీలు టీకి వెళ్లిపోయేవాళ్లు. పని చెబితే చేస్తారు, పాఠం చెబితే ఎవరు చేస్తారు?

పిన్నిగారు మాత్రం తలుపు దగ్గర నిలబడి, "మందపల్లి వెళ్లి శనీశ్వరుడికి ఒక్క తైలాభిషేకం చేయిస్తే పోయేది. ఈయన రోజూ గచ్చుకి చేస్తున్నారు" అనేవారు. ముగ్గుపిండి ఆ గచ్చుని పట్టుకోవడం మానేసి నాలుగేళ్లయింది.

మొన్న మేస్త్రీ టీకి పోతూ పోతూ కొత్తగా చేరిన కుర్రాణ్ణి ఇంటికి పంపించాడు. పందొమ్మిదేళ్లుంటాయేమో. బాబాయిగారు ఫైలు విప్పి మొదటి కాగితం నుంచి మొదలుపెట్టారు. వాడు వింటూనే బానెట్టు ఎత్తి, ఇంజను ఆడుతుండగా ఆయిలు పోసే మూత కాస్త తిప్పాడు. బుస్సుమంది. ఇంజను ఆపి, ట్యాపెట్ కవరు నుంచి ఎయిర్ ఫిల్టరుకు పోయే రబ్బరు గొట్టం ఊడదీసి, అందులోకి తొంగిచూశాడు.

"సార్, ఇందులో బిరడా ఎవరు పెట్టారు?"

వీధి నిశ్శబ్దమైపోయింది.

పిస్టను రింగులు ఎంత బిగువుగా ఉన్నా కాస్త గ్యాసు కిందికి జారుతూనే ఉంటుందట. అది బయటికి పోవడానికే ఆ గొట్టం. ముక్కు మూస్తే ఇంజను ఏ సందు దొరికితే అందులోంచి ఆయిలు కక్కుతుంది, మూత బిగించిన ఎసట్లో గంజి పొంగినట్టు. నాలుగేళ్ల కింద ఆ గొట్టం కొస దగ్గర కాస్త నూనెతడి కనిపించిందిట. అది బాబాయిగారు పట్టుకున్న మొట్టమొదటి లీకు. అప్పుడే ఆపేశారు. ఫైల్లో మొదటి కాగితం అదే, "పరిష్కరించబడినది" అని ముద్ర కూడా ఉంది.

పిన్నిగారు దిగొచ్చి బిరడా చేతిలోకి తీసుకుని చూశారు. "నా కషాయం సీసాది కదండీ ఇది! పనమ్మాయిని అన్నానే అప్పుడు!"

వాడు నూట యాభై తీసుకుని, ప్యాకింగు ఇంకోసారి మార్చి, మరీ బిగించొద్దని చెప్పి వెళ్లిపోయాడు. మర్నాడు పేపరు మీద రెండు చుక్కలు. వారంలో ఒక్కటీ లేదు. వీధివాళ్లం సంతోషించాం. బాబాయిగారు చిక్కిపోయారు. అయిదింటికి లేచి ఖాళీ పేపరు ముందు కూర్చుంటే చూడలేకపోయాను. ఓ రోజు దాన్ని తిరగేసి వార్తలు కూడా చదువుతున్నారు, పాపం.

నిన్న సాయంత్రం ఎర్రపెన్ను పట్టుకుని మా గేటు తీశారు.

"మీ బండికి ఎన్నేళ్లబ్బాయ్?"

"నాలుగు, బాబాయిగారూ. చుక్క కూడా కారదు."

"కింద ప్లాస్టిక్ పళ్లెం ఉంటుంది వీటికి. కారినా అందులోనే దాగుంటుంది." గొంతు తగ్గించారు. "అది విప్పి చూశావా ఎప్పుడైనా?"

విప్పలేదు. రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టలేదు. పొద్దున మా ఆవిడ కాఫీ గ్లాసుతో ఇల్లంతా వెతికి, చివరికి వాకిట్లోకొచ్చి వంగి, "నిన్నటి పేపరు ఏమైందండీ?" అంది. నాకు వెంటనే లేవడం కుదరలేదు. టార్చి పట్టుకున్నాయన "కదలకు" అన్నారు.